రెడియెట్ అబెబె ఏ యాప్ చేశారు? థియరీ ఇష్టమున్న బీటెక్ విద్యార్థినికి జవాబు

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి. మీరు అనంతపురం దగ్గర సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నారు. ఆల్గారిథమ్స్, ప్రాబబిలిటీ ఇష్టం. వెబ్ డెవలప్‌మెంట్ మీద మనసు పోదు. అమ్మ పొదుపు సంఘానికి లీడర్ కాబట్టి అప్పులు, వాయిదాల కష్టాలు ఇంట్లోనే చూస్తూ పెరిగారు. కాలేజీ సెమినార్‌లో ఇథియోపియాకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త రెడియెట్ అబెబె పేరు విన్నారు. "పేదల కోసం ఆమె ఏ యాప్ చేశారో ఎంత వెతికినా దొరకలేదు. ఉత్త థియరీతో జనానికి మంచి చేయడం కుదురుతుందా? లేక ముందు ఉద్యోగంలో చేరి ఇవన్నీ తర్వాత చూసుకోవాలా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆమె పేరు నిలబెట్టిన పని యాప్ కాదు. థియరీతో మంచి చేయడం కుదురుతుంది. తర్వాత చూద్దామని దాన్ని పక్కన పెట్టకండి. నేను ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా ఆరోగ్యం, స్కాలర్‌షిప్‌లు, పొదుపు సంఘాల మీద పనిచేసే చిన్న సంస్థలకు డేటా పని చేసి పెడుతున్నాను. ఆమె పరిశోధన చదివాక నా పని తీరు మారింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇథియోపియాలో మనలా ఇంటిపేర్లు ఉండవు. సొంత పేరు తర్వాత తండ్రి పేరు వస్తుంది. కాబట్టి ఆమెను రెడియెట్ అనే రాస్తాను.

రెడియెట్ పుట్టి పెరిగింది అడిస్ అబాబాలో. 2009లో గణితం చదవడానికి అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. తన ఊళ్లో ఎవరికైనా ఏదైనా అందకపోతే అక్కడ వనరులే లేవు కదా అని ఆమె అనుకునేవారట. హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ పట్టణంలో డబ్బుకు కొదవ లేదు. అయినా అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లల మధ్య ఎంతో తేడా కనిపించింది. ఇంత ఉన్న చోట కూడా ఎందుకిలా అన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. డిగ్రీ చదువుతూనే ఆ ఊరి స్కూలు బోర్డు సమావేశాలకు వెళ్లి కూర్చునేవారు. మొదట్లో ఈ ఆసక్తి వేరు, గణితం వేరు అనుకున్నారు. గణితం వృత్తిగానూ మిగతాది హాబీగానూ ఉంటుందని సరిపెట్టుకున్నారు. మీరిప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ క్లైన్‌బర్గ్ దగ్గర పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆ రెండూ కలిశాయి. 2019లో డాక్టరేట్ వచ్చింది. కార్నెల్‌లో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. తర్వాత హార్వర్డ్‌లో పరిశోధక ఫెలోగా ఉన్నారు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో అధ్యాపకురాలయ్యారు.

ఇక అసలు పని. చాలా ఉంది కానీ మీకు దగ్గరగా ఉండేది ఒకటుంది, దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

పేదరికాన్ని దేనితో కొలవాలి? మన దగ్గర అయినా, అమెరికాలో అయినా ఏ పథకానికైనా ముందు అడిగేది ఆదాయం ఎంత, ఆస్తి ఎంత అని. రెడియెట్, క్లైన్‌బర్గ్, మ్యాథ్యూ వైన్‌బర్గ్ కలిసి రాసిన ఒక పరిశోధన పత్రం 2020లో వచ్చింది. అందులో వాళ్లు ఈ రెండింటికీ మూడోది కలిపారు: ఎదురుదెబ్బ. జీతం ఆలస్యం కావడం, బండి చెడిపోవడం, ఇంట్లో ఒకరు మంచాన పడటం. ఒక కుటుంబానికి ఎంత వస్తోంది, చేతిలో ఎంత ఉంది అన్నవాటితో పాటు, ఇలాంటి దెబ్బలు ఎంత తరచుగా, ఎంత పెద్దగా తగులుతున్నాయో కూడా లెక్కలోకి తెచ్చారు. ఇందుకు వాడిన గణితం కొత్తది కాదు. ఒక బీమా కంపెనీ ఖజానా ఎప్పటికైనా ఖాళీ అయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. కంపెనీ దివాలాకు వాడే లెక్కను కుటుంబం చితికిపోవడానికి అన్వయించారు.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు వివరణ కోసం నేను వేసినవి. లక్ష్మి కుటుంబానికి నెలకు 12,000 వస్తుంది, ఖర్చు 11,000. మిగులు వెయ్యి. పద్మ కుటుంబానికి 15,000 వస్తుంది, ఖర్చు 13,500. మిగులు 1,500. కాగితం మీద పద్మదే పైచేయి. ఆదాయం చూసి సాయం చేస్తే లక్ష్మికి వస్తుంది, పద్మకు రాదు. ఇప్పుడు దెబ్బలు కలపండి. లక్ష్మి బడిలో ఆయా, నెల జీతం. మూడేళ్లకోసారి 10,000 ఖర్చు మీద పడుతుందనుకుందాం. ఆ మూడేళ్లలో 36,000 మిగులుతుంది కాబట్టి తట్టుకుంటుంది. పద్మ భర్త పాత ఆటో నడుపుతాడు. ఆరు నెలలకోసారి రిపేరుకు, పని పోయిన రోజులకు కలిపి 12,000 పోతుంది. ఆరు నెలల మిగులు 9,000 మాత్రమే. ప్రతిసారీ 3,000 అప్పు. ఎక్కువ సంపాదిస్తున్న కుటుంబమే మెల్లగా మునుగుతోంది. ఏ ఆదాయ ధ్రువపత్రంలోనూ ఇది కనపడదు.

ఇక్కడి నుంచి ఆల్గారిథం మొదలవుతుంది. మీ దగ్గర కొంత డబ్బుంది, చాలా కుటుంబాలున్నాయి. ఎవరికి ఇస్తారు? ఒకేసారి ఇస్తారా, నెలనెలా ఇస్తారా? పద్మకు ఒకేసారి 12,000 ఇస్తే నాలుగు దెబ్బలకు, అంటే రెండేళ్లకు కరిగిపోతుంది. అదే నెలకు 600 ఇస్తే ఆరు నెలల మిగులు 9,000 నుంచి 12,600 అవుతుంది, దెబ్బను దాటుతుంది. ఏడాదికి అయ్యేది 7,200 మాత్రమే. అయితే ఆటో రెండో నెలలోనే ఆగిపోతే? నెలనెలా వచ్చే 600 అప్పటికి ఏం సరిపోతుంది? అప్పుడు ఒకేసారి చేతికొచ్చే డబ్బే కాపాడుతుంది. దెబ్బ ఎంతన్నదే కాదు, ఎప్పుడు పడుతుందన్నదీ తేడా తెస్తుంది. మీకు ఇష్టమైన ప్రాబబిలిటీ ఇక్కడే పనికొస్తుంది. సిలబస్‌లో రాండమ్ వాక్ (ఒక్కో అడుగు ఎటు పడుతుందో ముందే తెలియని నడక లెక్క) చదివి ఉంటే ఇది దాని చుట్టమే.

ఆ పత్రంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకొకటి. వాళ్లు రెండు లక్ష్యాలు పెట్టుకుని విడివిడిగా పరిష్కరించారు. మొదటిది, చితికిపోయే కుటుంబాల సంఖ్య మొత్తం మీద తగ్గాలి. రెండోది, అందరికంటే ప్రమాదంలో ఉన్న కుటుంబానికి ఆ ప్రమాదం తగ్గాలి. రెండూ మంచి ఉద్దేశాలే. కానీ లక్ష రూపాయలుంటే మొదటి లక్ష్యం, అంచున ఉన్న పది కుటుంబాలకు తలా పది వేలు ఇచ్చి నిలబెట్టమనవచ్చు. రెండోది అన్నిటికంటే లోతులో ఉన్న ఒక్క ఇంటికే ఆ లక్ష పెట్టమనవచ్చు. ప్రోగ్రాంలో ఇది ఒక్క లైను తేడా. ఆ లైను ఎవరు రాయాలి? మామూలుగా ప్రోగ్రామరే రాస్తాడు, తానొక నిర్ణయం తీసుకుంటున్నానని కూడా అతనికి తెలియదు. ఆ లైనును అందరి ముందుకు తెచ్చి చూపించడమే థియరీ చేయగల సాయం.

ఇది నాకు ఎక్కడ తగిలిందో చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక చిన్న ట్రస్టుకు స్కాలర్‌షిప్ ఎంపిక ఫార్ములా తయారు చేశాను. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఎక్కువ మార్కులు, ఆపై చదువు మార్కులు. పారదర్శకంగా ఉంది, పైరవీలకు చోటు లేదు అని అందరం సంతోషపడ్డాం. రెండో ఏడాది ఒక అమ్మాయికి స్కాలర్‌షిప్ రాలేదు. తండ్రి తాపీ మేస్త్రీ, ఆదాయం మా హద్దు కంటే కాస్త ఎక్కువ. నాలుగు నెలలకు ఆయన పరంజా మీద నుంచి పడి నడుము విరిగింది. ఆపరేషన్ ఉచితంగానే జరిగింది కానీ ఆర్నెల్ల కూలి పోయింది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో మానేసి బట్టల షాపులో చేరింది. విషయం మాకు తెలిసేసరికి ఏడాది గడిచింది. మా ఫార్ములాలో తప్పు లేదు, అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. ప్రశ్న వేసింది నేను. ఆ తర్వాత ట్రస్టు వాళ్లతో కూర్చుని నిధిలో నాలుగో వంతు పక్కన పెట్టాం. ఏడాదిలో ఏ నెలలోనైనా, ఆదాయ ధ్రువపత్రం లేకుండా, లెక్చరర్ ఒక ఫోన్ చేస్తే వారంలో డబ్బు చేరేలా ఏర్పాటు చేశాం. రెడియెట్ పత్రం నేను చదివింది ఆ అమ్మాయి విషయం తెలిసిన తర్వాతే. ముందే చదివి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో పని ఆరోగ్యం గురించి. ఆఫ్రికాలో చాలా చోట్ల జనం ఆరోగ్యం మీద మంచి డేటా లేదు. సర్వేకి వచ్చినవాళ్లకు జనం అన్నీ చెప్పరు, ముఖ్యంగా హెచ్‌ఐవీ లాంటి విషయాల్లో. రెడియెట్ బృందం ఆఫ్రికాలోని 54 దేశాల నుంచీ బింగ్ సెర్చ్ ఇంజిన్‌లో జనం వెతికిన మాటలు తీసుకుంది: హెచ్‌ఐవీ, మలేరియా, క్షయలకు సంబంధించినవి. వాటిలో ఏయే అంశాలు కలిసి వస్తున్నాయో ప్రోగ్రాంతో విడదీశారు. లక్షణాలు, మందులు వస్తాయని ఎవరైనా ఊహిస్తారు. వాటితో పాటు, జబ్బు ఉన్న తల్లి బిడ్డకు పాలివ్వవచ్చా, నలుగురిలో వెలివేస్తారన్న భయం, ఆకుపసరు వైద్యంతో నయమవుతుందన్న నమ్మకం కూడా బయటపడ్డాయి. వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి, దేశాన్ని బట్టి అడిగేవి మారాయి. వెతికినప్పుడు వచ్చే సమాధానాల నాణ్యత కూడా అన్ని అంశాలకూ ఒకేలా లేదని తేలింది. ఇది ముఖ్యం. భయంతో రాత్రిపూట ఒంటరిగా ఫోన్‌లో వెతికే మనిషికి చెత్త సమాధానం దొరికితే నష్టం ఎంత పెద్దదో ఆలోచించండి.

ఆశా కార్యకర్తలతో పనిచేసిన వాళ్లకు ఇందులో వింత ఏమీ ఉండదు. ఒక మండలంలో క్షయ రోగుల వివరాలు రాసే ఫారం నేను తయారు చేశాను. అందులో ఇరవై పైగా ప్రశ్నలు. ఒక ఆశా కార్యకర్త తన నోటుబుక్ చివరి పేజీల్లో వేరే ప్రశ్నలు రాసుకుంది. రోగులు ఆమెను గుమ్మం దాటాక వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి అడిగినవి. "కూతురికి సంబంధం చూస్తున్నాం, వాళ్లకు తెలుస్తుందా?" "గ్లాసు వేరే పెట్టాలా?" "మందు వేసుకుంటే ఒంటేలు ఎర్రగా వస్తోంది, రక్తమా?" చివరిది రిఫాంపిసిన్ మందు వల్ల వచ్చే రంగు, ప్రమాదం లేదు. కానీ ఆ భయంతోనే మందు మానేసినవాళ్లు ఉన్నారు. నా ఫారంలో దానికి గడి లేదు. ఆ చివరి పేజీలు చూశాక మొత్తం ఫారం మార్చాం. రెడియెట్ బృందం ఒక ఖండం మొత్తానికి చేసింది ఆ చివరి పేజీలు చదవడమే.

అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫోన్, ఇంటర్నెట్ లేనివాళ్లు సెర్చ్ డేటాలో ఉండరు. అందరికంటే అవసరం ఉన్నవాళ్లే అందులో కనిపించకపోవచ్చు. రెండోది, ఇలాంటి డేటా చాలా సున్నితమైనది. ఒక ఊళ్లో హెచ్‌ఐవీ గురించి ఎవరు వెతికారో బయటపడితే ఆ మనిషి బతుకు అల్లకల్లోలం అవుతుంది. దేశం మొత్తం మీద ధోరణి చూడటం వేరు, ఊరి స్థాయికి దిగడం వేరు. విద్యార్థులు ఉత్సాహంలో ఈ హద్దు దాటేస్తుంటారు.

డేటా గురించి ఇంకొక మాట. 2021లో రెడియెట్, ఇంకొందరు ఆఫ్రికన్ పరిశోధకులతో కలిసి ఆఫ్రికాలో డేటా పంచుకోవడం గురించి రాశారు. ఆఫ్రికా అంటే లేమి, ఆఫ్రికావాళ్లు డేటా పంచుకోరు అనే కథనాలను అందులో ప్రశ్నించారు. పంచుకోకపోవడానికి వెనక ఉన్న చరిత్ర, నమ్మకం, ఎవరి చేతిలో అధికారం ఉంది, లాభం ఎవరికి పోతుంది అన్నవి చూడమన్నారు. ఒక తండాలో సర్వేకు వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ మంచం మీద నుంచి లేవకుండానే నాతో అంది: "పోయినేడు ఇద్దరొచ్చి రాసుకుపోయినారు. అంతకుముందు ఇంకొకాయన. ఆ రాసినవి ఏమైనయో చెప్తే ఇప్పుడు నీకు చెప్తా." నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఎక్కడ వివరాలు తీసుకున్నానో అక్కడికి తిరిగి వెళ్లి, తేలిందేమిటో వాళ్ల భాషలో చెప్పకుండా పని ముగించను. మీరు కూడా మొదటి ప్రాజెక్టు నుంచే ఇది అలవాటు చేసుకోండి.

"కంప్యూటర్ సైన్స్ అసలు సమాజానికి ఏం చేయగలదు?" అన్న పెద్ద ప్రశ్న మీద కూడా ఆమె, మరికొందరు కలిసి 2020లో ఒక పత్రం రాశారు. నాకు అర్థమైనట్టు చెబుతాను. గణన నాలుగు రకాలుగా ఉపయోగపడుతుందన్నారు. సమస్య ఎక్కడ, ఎంత ఉందో కొలిచి చూపించడం. మాటల్లో దాగిన లక్ష్యాలను స్పష్టంగా రాయమని బలవంతపెట్టడం. టెక్నాలజీతో ఏది కుదరదో గట్టిగా చెప్పడం. జనం అలవాటు పడిపోయిన పాత అన్యాయాన్ని కొత్త కోణంలో చూపించి మళ్లీ చర్చకు తేవడం. ఇందులో మూడోదాన్ని మన దగ్గర ఎవరూ విలువైన పనిగా చూడరు. ఒక అధికారి "ఏఐతో అర్హులను గుర్తించేద్దాం" అంటే "ఈ డేటాతో అది కుదరదు సార్, ఇదిగో లెక్క" అని చెప్పగలిగినవాళ్లు కావాలి. అలా చెప్పాలంటే గణితం బాగా రావాలి. పైపైన వచ్చినవాళ్లు చెబితే ఎవరూ వినరు. ఆమె తర్వాతి పనుల్లో కూడా ఇది కనిపిస్తుంది. అమెరికా కోర్టుల్లో సాక్ష్యంగా వాడే గణాంక సాఫ్ట్‌వేర్‌ను నిందితుల తరఫువాళ్లు గట్టిగా పరీక్షించే వీలు ఎలా ఉండాలన్నదాని మీద 2022లో సహచరులతో కలిసి రాశారు. ఒక మనిషి జైలుకు వెళ్తాడా లేదా అన్నది ప్రోగ్రాం చెప్పే అంకె మీద ఆధారపడినప్పుడు ఆ ప్రోగ్రాంను ప్రశ్నించే హక్కు ఉండాలి కదా.

యాప్‌లు చేసేవాళ్లను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో జాయిస్ నకతుంబా నబెండె ఏఐ ల్యాబ్‌ను నడుపుతున్నారు. అక్కడ కర్రపెండలం ఆకు ఫొటోను బట్టి తెగులు గుర్తించే పని ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. మనం సగ్గుబియ్యం చేసుకునే దుంపే, అక్కడ అది ప్రధాన ఆహారం. గోధుమ రంగు చారల తెగులు వస్తే మామూలు కంటికి పైన మొక్క బాగానే ఉన్నట్టుంటుంది, తవ్వాక చూస్తే దుంప కుళ్లి ఉంటుంది. అలాంటి చోట రైతు చేతిలో ఫోన్ సాధనమే కావాలి. కెన్యాలో 2007 చివర ఎన్నికల తర్వాత హింస చెలరేగినప్పుడు, ఎక్కడేం జరుగుతోందో జనం ఎస్‌ఎంఎస్‌తో పంపితే మ్యాప్ మీద చూపించే ఉషాహిదిని 2008లో కట్టారు. దాన్ని కట్టినవాళ్లలో ఓరీ ఒకొలో, జూలియానా రోటిచ్ అనే ఇద్దరు మహిళలున్నారు. ఉషాహిది అంటే స్వాహిలీలో సాక్ష్యం. అక్కడ థియరీ కంటే తొందరగా కోడ్ రాయగలగడమే ముఖ్యమైంది. సమస్యను బట్టి సాధనం. మీకున్న బలం థియరీ కాబట్టి మీకు రెడియెట్ దారి చూపిస్తున్నాను.

నేను తప్పుదారిలో వెళ్లింది కూడా చెప్పాలి. ఉద్యోగం వదిలిన కొత్తలో గర్భిణుల వివరాల కోసం నేను చేసిన మొదటి యాప్ ఎవరికీ ఉపయోగపడలేదు. కార్యకర్తలు రిజిస్టర్‌లో రాసిందే మళ్లీ ఫోన్‌లో కొట్టాల్సి వచ్చేది. వాళ్ల పని రెట్టింపు చేశాను. అది కట్టడానికి తొమ్మిది నెలలు పట్టింది. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవడానికి నేను పెట్టింది రెండు రోజులు. ఆ పాళ్లు తిరగబడి ఉండాల్సింది.

ఒంటరిగా ఇవన్నీ చేయాలా అంటే అక్కర్లేదు. ఆమె కూడా ఒంటరిగా చేయలేదు. 2016లో రెడియెట్, మరో కంప్యూటర్ సైన్స్ పరిశోధకురాలు కీరా గోల్డ్‌నర్ ఇద్దరూ ఇంకా పీహెచ్‌డీ విద్యార్థులు. ఆల్గారిథమ్స్, అర్థశాస్త్రం కలిపి పేదలకు పనికొచ్చే ప్రశ్నల మీద చదువుదామని ఆన్‌లైన్‌లో ఒక చిన్న పఠన బృందం మొదలుపెట్టారు. పత్రాలు చదివి చర్చించుకునే గుంపు అంతే. అది పెరిగి పెరిగి, 2021లో ఏసీఎం (కంప్యూటర్ రంగం వాళ్ల అంతర్జాతీయ సంఘం) కింద సొంతంగా ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టే స్థాయికి వెళ్లింది. మీ కాలేజీలో ముగ్గురితో ఇలాంటిది మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2017లో ఆమె, ఏఐ పరిశోధకురాలు టిమ్నిట్ గెబ్రు కలిసి బ్లాక్ ఇన్ ఏఐ అనే సంస్థను మొదలుపెట్టారు. పెద్ద ఏఐ సదస్సుల్లో వేల మంది ఉంటే నల్లజాతి పరిశోధకులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉండేవారు. పత్రం అంగీకరించినా వీసా రాక ఆగిపోయిన ఆఫ్రికన్ పరిశోధకులు ఎందరో. 2018లో కెనడాలో జరిగిన సదస్సుకు అలా చాలా మంది వెళ్లలేకపోయారు. వీసా టెన్షన్ అంటే ఏమిటో మన తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2020లో ఒక పెద్ద సదస్సును అడిస్ అబాబాలోనే పెట్టాలని నిర్ణయించారు, కోవిడ్ వల్ల అది ఆన్‌లైన్‌కు మారింది. 2023లో అదే సదస్సు రువాండా రాజధాని కిగాలీలో జరిగింది. ఎవరు గదిలో ఉన్నారన్నదాన్ని బట్టే ఏ ప్రశ్నలు చర్చకు వస్తాయో తేలుతుంది. వాయిదా రోజున ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో చూసి పెరిగిన మీరు ఆ గదిలో ఉండటం అవసరమని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఉద్యోగం సంగతి. ఇంటి పరిస్థితిని బట్టి ఉద్యోగంలో చేరాల్సి వస్తే చేరండి, అందులో తప్పు లేదు. నేనూ ఎనిమిదేళ్లు చేశాను, అక్క పెళ్లి అప్పు తీరింది ఆ జీతంతోనే. కానీ ఈ ఆసక్తిని "సెటిల్ అయ్యాక" అనే గదిలో పెట్టి తాళం వేయకండి. వారానికి నాలుగు గంటలు చాలు. ప్రాబబిలిటీలో మార్కోవ్ చైన్ల దాకా గట్టిగా చదవండి. ఆప్టిమైజేషన్ ఒక కోర్సు చేయండి. ప్రాథమిక అర్థశాస్త్రం, గణాంక శాస్త్రం సొంతంగా చదవండి. పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాయగలిగితే సరిపోతుంది, వెబ్ డెవలప్‌మెంట్ రాదని దిగులు అక్కర్లేదు. పీహెచ్‌డీ తప్పనిసరా అని ఎవరైనా అడిగితే, పరిశోధనే జీవితం అనుకుంటే అవును. నాలా క్షేత్రంలో పనిచేయాలంటే అవసరం లేదు, కానీ పత్రాలు చదివి అర్థం చేసుకునే ఓపిక మాత్రం ఉండాలి.

ఒక్క హెచ్చరిక. పైన చెప్పిన ఎదురుదెబ్బల మోడల్‌ను తీసుకెళ్లి రేపే ఏ సంఘానికో "ఎవరికి అప్పు ఇవ్వాలో ఇది చెబుతుంది" అని ఇవ్వకండి. అది కాగితం మీద కొన్ని షరతుల్లో నిరూపించిన గణితం. అదే లెక్క తిరగేస్తే దెబ్బలు ఎక్కువ తగిలే కుటుంబానికి అప్పు ఇవ్వకుండా తప్పించుకోవడానికీ వాడొచ్చు. పద్మ లాంటివాళ్లకు చేయూత ఇవ్వడానికి కనిపెట్టింది పద్మను జాబితా నుంచి కొట్టేయడానికి పనికొస్తుంది. వడ్డీ వ్యాపారులు సంతోషంగా వాడతారు. మీ పేరుతో ఏది బయటకు వెళ్తుందో, ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోండి.

ఇక వచ్చే ఆదివారం చేయాల్సిన పని. అమ్మ సంఘం మీటింగ్ మినిట్స్ పుస్తకం ఉంటుంది కదా, అందులో వాయిదా తప్పిన నెలలు ఉంటాయి. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో దాని గురించి అడగండి: ఆ నెల ఆ ఇంట్లో ఏం జరిగింది, ఎంత పోయింది, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు, తేరుకోవడానికి ఎన్ని నెలలు పట్టింది. ముందు అమ్మ ద్వారా సభ్యులను అడిగి, వాళ్లు సరే అన్నవే రాసుకోండి. పేర్లు వద్దు, ఒకటి రెండు అని నంబర్లు వేయండి. పదిహేను ఇరవై సంఘటనలు వచ్చాక, పేర్లూ ఊరూ లేకుండా ఆ పట్టిక ఇక్కడ పెట్టండి. దెబ్బలు ఎంత తరచుగా వస్తున్నాయో ఎలా అంచనా వేయాలో, అక్కడి నుంచి మొదటి సిమ్యులేషన్ ఎలా రాయాలో దాన్ని చూసి చెబుతాను.